మూడు వారాల సూది

అల్లుడు పది అడుగుల దూరంలోనే నిలబడి ఉన్నాడు. అయినా మాదమ్మాళ్ సంచిలోంచి ఫోను తీసి, సోగత్తూరులో ఉన్న మనవరాలికి కలిపింది.

"తమిళూ, మీ నాయనకు చెప్పు. డాక్టరమ్మ వచ్చే యాళయింది, యాడికీ పోవద్దని."

రెండు నిమిషాలకు వేల్మురుగన్ జేబులో ఫోను మోగింది. అతను విని "సరి" అన్నాడు. ఆడవాళ్ల వార్డు గుమ్మం పక్కనున్న స్తంభానికి ఆనుకున్నాడు. మాదమ్మాళ్ కొంగు తలమీదికి లాక్కుని గోడవైపు తిరిగి కూర్చుంది.

అరవనాట ఉన్న వాళ్ల తెలుగిళ్లలో పిల్లనిచ్చిన అత్త అల్లుడి ఎదుటపడి మాట్లాడదు. పెళ్లయిన కొత్తలో ఆమె ఏదైనా చెప్పాలంటే గడపకు చెప్పేది, కట్టేసిన మేకకు చెప్పేది. అతను పక్కనుంచి వినేవాడు. తర్వాత మనవరాలు పుట్టి మాటలు నేర్చింది, ఇద్దరికీ ప్రాణం తెరిపిన పడింది. ఇప్పుడు తమిళ్‌సెల్వికి పన్నెండేళ్లు. బడికి పోయేముందు కాసేపు, బడినుంచి వచ్చాక కాసేపు, ఇద్దరు పెద్దవాళ్ల మధ్య పోస్టాఫీసు నడుపుతోంది.

మంచం మీద ముత్తుసెల్వి కళ్లు మూసుకుని ఉంది. ఎనిమిది రోజులుగా జ్వరం. పగలు కాస్త దిగినట్టే దిగి, పొద్దు వాలేసరికి పళ్లు టకటకమనేంత వణుకుతో మళ్లీ పైకి పోతుంది. మందుల షాపులో ఇచ్చిన మాత్రలు అయిపోయాయి. సోగత్తూరు నర్సు వేసిన సూదులూ అయ్యాయి. ఇవాళ బుధవారం పొద్దున ధర్మపురి పెద్దాసుపత్రిలో చేర్చారు. మాదమ్మాళ్ కబురు అందగానే తన ఊరు పిక్కిలి నుంచి మొదటి బస్సుకు వచ్చింది. తడిగుడ్డ పిండి కూతురి మణికట్టు నుంచి మోచేతి దాకా తుడుస్తోంది, మళ్లీ ముంచుతోంది, మళ్లీ తుడుస్తోంది. గుడ్డ చేతిలోనే వేడెక్కిపోతోంది.

డాక్టర్ కణ్ణగి వచ్చింది. వెనక నర్సు సత్యప్రియ చీటీలు పట్టుకుని నిలబడింది. వేల్మురుగన్‌ను లోపలికి పిలిచారు. అతను చెప్పులు బయటే విడిచి వచ్చి మంచం కాళ్లవైపు నిలబడ్డాడు. డాక్టరమ్మ ముత్తుసెల్వి చేతిని వెలుతురుకు తిప్పి చూసింది. రెండు గోళ్ల కింద ఎర్రగా, నల్లగా సన్నని గీతలు. అరచేతిలో నాలుగైదు ఎర్ర చుక్కలు.

"ఇవి ఎప్పటినుంచి?" అని అరవంలో అడిగింది.

"అది సిమెంటు మేడం," అన్నాడు వేల్మురుగన్. తన చేతులు ముందుకు చాపి చూపించాడు. అతను మేస్త్రి, ముత్తుసెల్వి అతని దగ్గరే పని చేస్తుంది. వేళ్ల చివర్లు సిమెంటు తినేసి, పగుళ్లలో బూడిదరంగు ఇంకిపోయిన చేతులు. "మా పనిలో అందరికీ ఇట్లే ఉంటాయి."

డాక్టరమ్మ అతని చేతులు చూసింది, మళ్లీ ఆమె చేతులు చూసింది. స్టెతస్కోపు ముత్తుసెల్వి ఎడమ రొమ్ము కింద పెట్టి, కళ్లు మూసుకుని చాలాసేపు విన్నది.

"గుండెలో కొంచెం చప్పుడు వస్తోంది. రక్తం తక్కువైన వాళ్లకూ వస్తుంది, అందుకని అడుగుతున్నాను. చిన్నప్పుడు కీళ్లు వాచి జ్వరం వచ్చిందా? గుండెలో లోపం ఉందని ఎవరైనా చెప్పారా? మూడు వారాలకొకసారి సూది ఏమైనా వేయించారా?"

ముత్తుసెల్వి కళ్లు తెరిచింది. తల్లివైపు చూసింది.

మాదమ్మాళ్ చేతిలో తడిగుడ్డ ఆగిపోయింది. మంచం అవతల అల్లుడు ఉన్నాడు. అతని ఎదుట ఆమె నోరు విప్పకూడదు, అదే ఆ క్షణానికి ఆమెకు సాకుగా దొరికింది. లేదన్నట్టు తల ఊపింది.

"అట్లాంటిదేమీ లేదు మేడం," అన్నాడు వేల్మురుగన్, నేలవైపు చూస్తూ.

"బాగా గుర్తు చేసుకోండి. పద్దెనిమిది రోజుల కింద ఈమెకు నోట్లోంచి గొట్టం వేసి, అన్నం దిగే దారి వెడల్పు చేశారు కదా. అలా చేసినప్పుడు లోపల గీరుకున్న చోటునుంచి క్రిములు రక్తంలోకి పోతాయి. చాలామందికి పోతాయి, వాటంతటవే చచ్చిపోతాయి. గుండె కవాటం ముందే దెబ్బతిని ఉంటే మాత్రం, ఎక్కడో ఒకరికి, అక్కడ కూర్చుని పెరుగుతాయి. చాలా అరుదు. కానీ అదే అయితే దాని వైద్యం వేరు. ఇవాళే మొదలుపెట్టాలి."

మాదమ్మాళ్ మళ్లీ అడ్డంగా తల ఊపింది. రెండోసారి ఊపడం మొదటిసారి కంటే సులువుగా ఉంది, అందుకే ఆమెకు భయం వేసింది.

డాక్టరమ్మ చీటీ మీద రాసింది. "గుండె స్కాను తీసే డాక్టరు శనివారం వస్తారు. వరుసలో పేరు పెట్టండి," అని నర్సుతో చెప్పి, పక్క మంచానికి పోయింది.

గొట్టం వేసిన రోజు కూడా ఇదే జరిగింది. బస్టాండు దగ్గరి చిన్న ఆసుపత్రిలో ఒక అమ్మాయి కాగితం పట్టుకుని వరసగా అడిగింది, షుగరుందా, బీపీ ఉందా, గుండె జబ్బుందా అని. ముత్తుసెల్వికి ఒక పక్క తల్లి, ఇంకో పక్క అత్త కాళియమ్మ. ముత్తుసెల్వి లేదు లేదు లేదు అని మూడింటికీ ఒకే గొంతుతో చెప్పింది. ఆ సాయంత్రం ఆరునెలల తర్వాత మొదటిసారి అన్నం గొంతులో అడ్డం పడకుండా దిగింది. గిన్నెడు రసం అన్నం తిని, ఇంకొంచెం పెట్టమని అడిగింది. మాదమ్మాళ్ ఆ రోజు సంతోషం పట్టలేక వాకిట్లోకి పోయి ఏడ్చింది.

పెళ్లి కుదిరిన రోజు పిక్కిలిలో, పెద్దల ముందు, తమలపాకులు రెండు చేతుల్లో పట్టుకుని, "మా పిల్ల మేన ఏ కొరతా లేదు" అని చెప్పింది తనే. మూడు వారాలకొకసారి సంతకని చెప్పి పెన్నాగరం బస్సెక్కించి, సూది వేయించి, కుంటుతున్న పిల్లను చంకనెత్తుకుని తెచ్చిందీ తనే. ఆ మాట బయటపడితే ఏమవుతుందో ఆమెకు బాగా తెలుసు. చుట్టాల్లో ధనం అనే ఆమె కూతురికి మూర్ఛ ఉందని పెళ్లయిన నాలుగేళ్లకు తెలిసింది. పెద్దలు కూర్చున్నారు, పిల్లను పుట్టింట దింపి పోయారు. ఇప్పటికీ ఆ పిల్ల తల్లి పక్కన కూర్చుని చింతపండు గింజలు కొడుతోంది. ఎవరి పెళ్లికీ రాదు, ఎవరూ పిలవరు.

గురువారం ముత్తుసెల్వి గంజి రెండు చెంచాలు తాగి చాలంది. చేతికి మందు సీసా ఎక్కుతోంది. మాదమ్మాళ్ చుక్కలనే చూస్తూ కూర్చుంది. ఒక్కో చుక్క పడేటప్పుడు, ఇది కూడా మందే గదా, మందు మందే గదా, అనుకుంటోంది. కిందికి దిగుతున్నది ఏ జబ్బు మందో ఆమెకు తెలియదు. అసలు జబ్బుది కాదని మాత్రం తెలుసు.

"అమ్మా," అంది ముత్తుసెల్వి. పెదవులు ఎండి పొరలు లేచాయి. "డాక్టరమ్మకు చెప్పేస్తా."

"వద్దే అమ్మీ. రేపో ఎల్లుండో తగ్గిపోతాది. శనివారం ఎట్లాగూ స్కాను తీస్తారు గదా. అదే చెప్పనీ, మన నోట రావద్దు."

"అది కాదమ్మా. ఆయనకు..."

మాదమ్మాళ్ గబుక్కున కూతురి నోటిమీద అరచెయ్యి పెట్టింది. చేతికింద ఊపిరి కొలిమి గాలిలా తగిలింది. "ఆయప్ప గుమ్మం కాడే ఉన్నాడు. ఊరికే ఉండు."

ముత్తుసెల్వి తల్లి చేతిని తీయడానికి కూడా ఓపిక లేక కళ్లు మూసుకుంది.

వేల్మురుగన్ నిజంగానే గుమ్మం దగ్గర ఉన్నాడు. నిన్నటినుంచి ఆ స్తంభం వదిలి పోలేదు. వరండాలో మగవాళ్లకు బెంచీలు ఉన్నాయి, కింద చెట్లున్నాయి, టీకొట్టు ఉంది. ఇతను మాత్రం వార్డులోకి కనబడే చోట నిలబడి, ఆమె తలెత్తినప్పుడల్లా చూపు తిప్పుకుంటున్నాడు. కాపలా కాస్తున్నాడా అని మాదమ్మాళ్‌కు అనుమానమొచ్చింది. అల్లుడి మీద ఆమెకు ఎప్పటినుంచో ఒక కోపం ఉంది. తక్కిన మేస్త్రుల పెళ్లాలు గమేళా నెత్తిన పెట్టుకుని, గోడకు కట్టిన సారం కర్రలెక్కి, మూడో అంతస్తు దాకా సిమెంటు మాలు మోస్తారు. ఇతను పెళ్లాన్ని కింద ఇసుక జల్లించడానికి, గోడలకు నీళ్లు కొట్టడానికి తప్ప పెట్టడు. మేస్త్రి పెళ్లాం కాలు నేల వదలదని తోటి ఆడవాళ్లు ఎగతాళి చేస్తారని ముత్తుసెల్వే ఒకసారి నవ్వుతూ చెప్పింది. మాదమ్మాళ్‌కు నవ్వు రాలేదు. తన కూతుర్ని పనికిరానిదాన్ని చేసి కూర్చోబెట్టినాడని మనసులో పెట్టుకుంది.

మధ్యాహ్నం కూతురి కాలి బొటనవేలి కింద ఇంకో ఎర్రచుక్క కనబడింది. ముత్తుసెల్వి పనికి చెప్పులు వేసుకునే పోతుంది, సిమెంటు అక్కడికి రాదు. మాదమ్మాళ్ ఆ చుక్కను వేలితో రుద్దింది. పోలేదు. ఇంకా గట్టిగా రుద్దింది. తర్వాత లేచి నర్సు బల్ల దగ్గరికి నడిచింది. చెప్పేద్దామనే పోయింది.

"సిస్టర్, మా పిల్లకు చిన్నప్పుడు..." అని అరవంలో మొదలుపెట్టింది.

సత్యప్రియ తలెత్తి నవ్వింది. "తెలుగులోనే చెప్పవ్వా. మాది కడత్తూరు. మీరిద్దరూ మాట్లాడుకునేది పొద్దున్నించి వింటానే ఉండా, మా అవ్వ మాట్లాడినట్టే ఉంది."

ఈ వార్డులో అందరూ అరవంవాళ్లే, మన మాట మనకే అనుకుని రెండు రోజులుగా గొణిగిందంతా మాదమ్మాళ్‌కు గుర్తొచ్చింది. కడత్తూరులో కాళియమ్మ చెల్లెలు ఉంది. తెలుగిళ్ల పిల్ల, ఏ వైపునుంచి ఎవరికి ఏమవుతుందో. ఈ బల్లమీద పడిన మాట రేపటికి సోగత్తూరు చేరదని ఏమిటి నమ్మకం?

"ఏమవ్వా, చిన్నప్పుడు ఏమి?"

"చిన్నప్పుడు కుక్క కరిచింది తల్లీ," అంది మాదమ్మాళ్. "ఆ జరమేమో అని."

"దానికీ దీనికీ ఏమీ లేదులే. భయపడొద్దు, పో," అంది సత్యప్రియ, నిమ్మళంగా.

మాదమ్మాళ్ మంచం దగ్గరికి వచ్చి కూర్చుంది. తన మీద తనకే అసహ్యం వేసింది. పిల్లను చంపుకుంటూ కుక్క కథలు చెబుతున్నాను అనుకుంది. అయినా లేచి మళ్లీ పోలేదు.

శుక్రవారం పొద్దున ఏడు గంటలకు ముత్తుసెల్వి నీళ్లడిగింది. మాదమ్మాళ్ గ్లాసు చేతికిచ్చింది. ముత్తుసెల్వి కుడిచేత్తో అందుకుంది. గ్లాసు జారి నీళ్లన్నీ ఒళ్లో పడ్డాయి.

"పట్టుకోవే, చూసుకుని," అంటూ మాదమ్మాళ్ మళ్లీ నింపి ఇచ్చింది. మళ్లీ జారింది. ముత్తుసెల్వి తన చేతివైపు చూసుకుంటోంది. అది ఎవరిదో చెయ్యి తన పక్కన పెట్టి పోయినట్టు చూస్తోంది. ఏదో అనబోయింది. మాట మెత్తగా, ముద్దగా వచ్చింది. నోరు ఒక పక్కకు జారింది.

మాదమ్మాళ్ గ్లాసుతో మంచం కమ్మీ మీద టంగు టంగున కొట్టింది. సత్యప్రియ పరుగెత్తుకొచ్చింది, చూసింది, వెనక్కి పరుగెత్తింది. గుమ్మం దగ్గర్నుంచి వేల్మురుగన్ చెప్పులతోనే లోపలికి వచ్చేశాడు. పెళ్లాం కుడిచేతిని రెండు చేతుల్లోకి తీసుకుని, చన్నీళ్లలో మొద్దుబారిన వేళ్లను రుద్దినట్టు రుద్దసాగాడు. "ముత్తూ, వేలు ఆడించు. ముత్తూ, ఒక్క వేలు."

డాక్టర్ కణ్ణగి కొప్పు కూడా సరిగా ముడవకుండా వచ్చింది. కళ్లలో లైటు వేసి చూసింది. చెయ్యి పైకెత్తి వదిలింది, అది పరుపు మీద పడింది. అప్పుడు ఇద్దరివైపు తిరిగింది.

"రక్తంలో గడ్డలాంటిదేదో మెదడుకు పోయినట్టుంది. ఇది మామూలు జ్వరం కాదు. ఆఖరుసారి అడుగుతున్నాను. చిన్నప్పుడు ఈమెకు ఏమి జబ్బు వచ్చింది?"

వేల్మురుగన్ అత్తవైపు చూశాడు. చూపు తిప్పుకోలేదు.

మాదమ్మాళ్ లేచి నిలబడింది. తలమీది కొంగు జారిపోయింది, దాన్ని ఆమె సర్దుకోలేదు. డాక్టరమ్మ అడిగితే డాక్టరమ్మకు చెప్పాలి. కానీ ఆమె మాట పోయి అల్లుడి ముఖానికే తగిలింది.

"అప్పా, నీకు అబద్ధం చెప్పి పిల్లనిచ్చినాను. తొమ్మిదో ఏట మోకాళ్లు వాచి జరమొచ్చింది. గుండెలో కవాటం కారతా ఉందని సేలం డాక్టరు చెప్పినాడు. పదేండ్లు మూడు వారాలకొక సూది వేయించినాను. పెండ్లి కుదిరినాక నేనే మాన్పించినాను. తాంబూలం పట్టుకుని లేదన్నాను. నన్నేమైనా చెయ్యి. పిల్లను మాత్రం వదిలెయ్యొద్దు."

పదహారేళ్లలో ఆమె అతనితో అన్న మొదటి మాటలు అవి. వేల్మురుగన్ చేతిలోని చేతిని వదల్లేదు.

"తెలుసత్తా," అన్నాడు.

మాదమ్మాళ్‌కు అర్థం కాలేదు.

"పెండ్లయిన మూడో నెల, హోసూరులో పని. సారం మీద నడిమికి పోయి ఊపిరాడక కూలబడింది. ఆ పొద్దే నాకంతా చెప్పింది. అప్పటినుంచి పైకి ఎక్కనియ్యలేదు. మా అమ్మకు కూడా చెప్పలేదు."

ఇదంతా తెలుగులో జరిగింది. డాక్టరమ్మ విసుగ్గా నర్సువైపు తిరిగింది. "ఏమంటున్నారు?"

సత్యప్రియ కాసేపు ఇద్దరినీ చూసింది. తర్వాత అరవంలో చెప్పింది. "చిన్నప్పుడు గుండె కవాటం జబ్బు వచ్చిందట మేడం. పదేళ్లు సూది వేయించారట. ఇద్దరికీ తెలుసట."

"ఇద్దరికీ తెలుసా?" అంది డాక్టర్ కణ్ణగి. బుధవారం ఇదే చోట ఇద్దరూ లేదన్నారు కదా అనబోయి ఆగింది. ఆమె ముఖంలో కోపం రావడం, దాన్ని ఆమె మింగడం మాదమ్మాళ్ చూసింది. తిట్టి ఉంటే బాగుండేదనిపించింది.

ఆ తర్వాత అన్నీ తొందరతొందరగా జరిగాయి. ఎడమచేతి నుంచి, కుడిచేతి నుంచి, మళ్లీ ఎడమచేతి నుంచి, మూడుసార్లు రక్తం తీసి చిన్న సీసాల్లో నింపారు. తల స్కానుకు తోసుకుపోయి తెచ్చారు. శనివారం రావాల్సిన గుండె డాక్టరుకు ఫోను పోయింది, పదకొండు గంటలకే వచ్చాడు. ఛాతీ మీద జిగురు పూసి, చిన్న పెట్టె ఆనించి, తెరమీద ఏదో చూపించాడు. నల్లని తెరలో తలుపు రెక్కలాంటిది కొట్టుకుంటోంది. దాని అంచున చిన్న ముద్ద ఒకటి వేలాడుతూ అటూ ఇటూ ఊగుతోంది. మాదమ్మాళ్ దాన్ని చూసి కళ్లు మూసుకుంది. మూసుకున్నా ఊగుతూనే ఉంది.

"ఆరు వారాలు, రోజూ, నరంలోకి మందు," అని చెప్పింది డాక్టర్ కణ్ణగి, వరండాలో. "చెయ్యి కొంతవరకు రావచ్చు. ఆ ముద్దలోంచి ఇంకో ముక్క ఎగరకుండా చూడాలి. ఎగిరితే నేనేమీ చెప్పలేను. కవాటం పాడైతే చెన్నైకి పంపాలి, ఆపరేషను."

"ముందే చెప్పుంటే ఆ గొట్టం వేసేవాళ్లు కాదా మేడం?" అని అడిగాడు వేల్మురుగన్.

"వేసేవాళ్లే. మింగలేని మనిషికి వేయక తప్పదు. ముందుగా మందిచ్చినా ఇది రాకుండా ఆపేవాళ్లమని కూడా చెప్పలేను. కానీ రెండు రోజుల కింద మొదలుపెట్టేవాళ్లం." ఆమె మెట్లు దిగి వెళ్లిపోయింది.

సాయంత్రం వరండాలో బెంచీ మీద ఆ చివర మాదమ్మాళ్, ఈ చివర వేల్మురుగన్ కూర్చున్నారు. లోపల కొత్త మందు ఎక్కుతోంది. ఇంకో గంటకు జ్వరం వచ్చే వేళ. ఇద్దరూ గుమ్మంవైపే చూస్తున్నారు.

"తెలిసుండి, డాక్టరమ్మ అడిగితే నువ్వెందుకు లేదన్నావు?" అని అడిగింది మాదమ్మాళ్. ముఖం చూసి అడగడం ఇంకా అలవాటు కాలేదు, అతని చేతులు చూసి అడిగింది.

"నువ్వు లేదని తల ఊపినావు గదత్తా. పెద్దల ముందర ఇచ్చిన మాట. నేను ఔనంటే నీ మాట పోతాది. నాకు తెలుసని నీకు తెలిస్తే నువ్వు బావిలో పడతావని ముత్తు నాతో ఒట్టు పెట్టించుకుంది." అతను అరచేతిలో పగులును గోటితో గీరుకుంటున్నాడు. "అది ఎప్పటిదో, తీరిపోయిందనుకున్నా. డాక్టరమ్మ అట్లా చెప్పినాక భయమేసింది. నువ్వు చెప్తావేమో, చెప్తావేమో అని రెండు దినాలు ఆ స్తంభం కాడే నిలబడినా. నేను చెప్పాల్సింది. నోరు రాలా."

మాదమ్మాళ్‌కు ఏడుపొచ్చింది. ఆపుకోలేదు. నిన్న కూతురి నోటిమీద పెట్టిన చేతిని చూసుకుంది. *ఆయనకు తెలుసమ్మా* అనబోయిందన్నమాట. ఆ ఒక్క మాట బయటికి రానిచ్చి ఉంటే, ఇవాళ కూతురి చెయ్యి గ్లాసు పట్టుకునేది.

కొంతసేపటికి కళ్లు తుడుచుకుని, ఇడ్లీ పొట్లం విప్పి బెంచీ మీద అతనివైపు జరిపింది.

"తిను. పొద్దున్నించి ఏమీ తినలా నువ్వు."

అతను ఆ మాట ఎప్పటిలా కూతురి ఫోనులో కూడా వస్తుందేమో అన్నట్టు ఒక్క క్షణం ఆగి, ఇడ్లీ తుంచాడు.

లోపల్నుంచి సత్యప్రియ వచ్చి చెప్పింది. "జరం ఇంకా ఉంది. ఎడమచేత్తో నీళ్లు తాగింది. మీరిద్దరూ మాట్లాడుకుంటుంటే వినబడింది కాబోలు, ఎవరమ్మా బయట అని అడిగింది. మాట కొంచెం తేటగానే ఉందవ్వా."

అప్పుడు ఫోను మోగింది. తమిళ్‌సెల్వి బడినుంచి వచ్చినట్టుంది.

"అవ్వా, అమ్మకు ఎట్లుంది? నాయనకు ఏమన్నా చెప్పాల్నా?"

"వద్దమ్మా. నేనే చెప్పుకుంటా."

ఆ పిల్లకు అది అర్థం కాలేదు. తర్వాత గొంతు తగ్గించి అంది. "అవ్వా, జేజి నీతో మాట్లాడాలంట. డాక్టరు ఏమి జబ్బన్నాడో చెప్పమంటా ఉంది. పక్కనే ఉంది."

వేల్మురుగన్‌కు అంతా వినబడింది. చెయ్యి కడుక్కోకుండానే ముందుకు చాపాడు. "ఇట్లియ్యత్తా. మా అమ్మకు నేను చెప్తా. నాకే తెలుసు, నేనే దాచినా అంటా. నీ పేరు రానీయను."

మాదమ్మాళ్ ఆ చేతివైపు చూసింది. ఫోను రెండో చేతిలోకి మార్చుకుని చెవికి ఇంకా దగ్గరగా పెట్టుకుంది.

"మీ జేజికే ఇయ్యి తమిళూ," అంది. "ఆయమ్మకు కూడా నేనే చెప్తా."